కోటీశ్వరుల చలివేంద్రం

2022 జనవరిలో డేనియల్ స్టెన్‌బర్గ్ అనే స్వీడన్ ఆసామికి ఒక ఈమెయిలు వచ్చింది. పంపింది ఫార్చ్యూన్ 500 జాబితాకెక్కిన ఒక ఘనమైన కంపెనీ. అంతకు ముందు నెలలో లాగ్4జె అనే జావా లైబ్రరీలో పెద్ద లోపం బయటపడి లోకమంతా హడలిపోయింది కదా. మీ ఉత్పత్తికి దానివల్ల ప్రమాదముందా, ఉంటే ఎప్పుడు కనిపెట్టారు, ఏం చర్యలు తీసుకున్నారు, 24 గంటల్లోగా జవాబివ్వండి అని అందులో తాఖీదు. స్టెన్‌బర్గ్ కర్ల్ అనే ప్రోగ్రాము రాసినవాడు. అది జావాలో లేదు, సి భాషలో ఉంది. లాగ్4జెతో దానికి చుట్టరికం లేదు. ఆ కంపెనీకీ ఆయనకూ మధ్య ఒప్పందం లేదు, ఒక్క డాలరు ఇచ్చిపుచ్చుకున్నది లేదు. ఉన్న బంధమల్లా ఆయన ఊరికే పెట్టినదాన్ని వాళ్ళు తీసుకుని వాడుకోవడమే. సపోర్టు ఒప్పందం మీద సంతకం పెట్టిన మరుక్షణం అన్నిటికీ సంతోషంగా జవాబిస్తానని ఆయన మర్యాదగా తిరుగు టపా రాశాడు.

ఆ తాఖీదు రాసిన ఉద్యోగిని తప్పుపట్టకూడదు. అతగాడి వెనక ఒక మహత్తర సిద్ధాంతం ఉంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ తీసుకునేటప్పుడు అది మానవజాతి ఉమ్మడి ఆస్తి. పాడైనప్పుడు అది రాసినవాడి సొంత బాధ్యత. డబ్బు మాటెత్తినప్పుడు అది అతని సరదా. ఈ మూడింటినీ ఒకే నోటితో, ఒకే రోజున, మొహం ఎర్రబడకుండా చెప్పగలిగినవాణ్ణి కార్పొరేట్ భాషలో దార్శనికుడంటారు.

రోహిణీ కార్తెలో కూడలి దగ్గర పందిరేసి, నాలుగు కుండలు పెట్టి ఒక పెద్దాయన చలివేంద్రం నడుపుతున్నాడనుకోండి. ఊళ్ళోని స్టార్ హోటళ్ళన్నీ ట్యాంకర్లు వేసుకొచ్చి నీళ్ళు నింపుకుని, పోతూ పోతూ "రేపట్నుంచి ఇంకాస్త చల్లగా ఉండాలి. నీళ్ళ పరీక్ష రిపోర్టు మధ్యాహ్నంలోగా పంపు" అని హుకుం జారీ చేస్తే ఎలా ఉంటుంది? సరిగ్గా అలాగే ఉంది వ్యవహారం. కాకపోతే ఇక్కడ కుండలు ఎండిపోయిన రోజున హోటళ్ళతో పాటు బ్యాంకులూ ఆస్పత్రులూ కూడా మూతపడతాయి.

ఎండిపోయాయి కూడా ఒకసారి. 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడింది. ఇంటర్నెట్టులో మన పాస్‌వర్డులనూ కార్డు నంబర్లనూ కాపాడే ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌లో రెండేళ్ళుగా బొక్క ఉందని, అందులోంచి ఎవడైనా చెయ్యి పెట్టి సర్వర్ జ్ఞాపకాన్ని తోడుకోవచ్చని తేలింది. అప్పుడు గానీ ప్రపంచానికి అనుమానం రాలేదు, ఇంతకూ దీన్ని చూసుకునేది ఎవరని. పూర్తికాలం పనిచేసేది ఒక్క మనిషి. ఆ ప్రాజెక్టుకు ఏటా వచ్చే విరాళాలు సుమారు 2,000 డాలర్లు. అంటే లోకంలోని ఇంటర్నెట్ వ్యాపారమంతా నెత్తిన పెట్టుకున్నందుకు విరాళాల రూపంలో నెలకు 170 డాలర్లు కూడా దక్కలేదు. లోపం బయటపడ్డ వారంలో జాలిపడి జనం పంపిన సొమ్ము 9,000 డాలర్ల దాకా వచ్చింది. అందులో ఎక్కువ భాగం ఐదూ పదీ డాలర్ల చందాలు, మామూలు మనుషులవి.

ప్రభువులు ఆ నెలాఖరుకు కళ్ళు తెరిచారు. లైనక్స్ ఫౌండేషన్ ఆధ్వర్యంలో అమెజాన్, గూగుల్, మైక్రోసాఫ్ట్, ఫేస్‌బుక్, ఐబీఎం, ఇంటెల్, సిస్కో, వీఎంవేర్ వంటి సంస్థలు తలా ఏడాదికి లక్ష డాలర్ల చొప్పున మూడేళ్ళు ఇస్తామని ప్రకటించాయి. లక్ష డాలర్లు! ఆ కంపెనీల్లో ఓ మోస్తరు ఇంజనీరు ఒక్కడికి ఏడాదికిచ్చే జీతం కూడా అంతకంటే ఎక్కువే. ఇల్లు కాలి బూడిదయ్యాక బక్కెట్టు నీళ్ళు తెచ్చినవాడికి కూడా దండ వెయ్యాలి కదా, వేశారు. ఆ జాబితాలోని వీఎంవేర్ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

కోడు రాసేవాడికి కోడు రాయడం ఒక్కటే వచ్చు. తతిమ్మా లోకమంతా కాగితాల మీద నడుస్తుంది. ఎవరో 50 డాలర్లు పంపుతానంటే ఏ ఖాతాలో వేయించుకోవాలి? సొంత ఖాతాలో వేసుకుంటే ఆదాయపు పన్ను ఎవరు కట్టాలి? ప్రాజెక్టు పేరు పెట్టుకుని ఎవడో నకిలీ సరుకు అమ్ముతుంటే ట్రేడ్‌మార్క్ ఎవరి పేరిట ఉంది? వెబ్‌సైటు డొమైన్ కొన్నవాడు చనిపోతే పాస్‌వర్డు ఎవరి దగ్గర? ఏటా జరిగే సమావేశానికి హాలు బుక్ చేయాలంటే ఒప్పందం మీద సంతకం పెట్టే 'సంస్థ' ఏది? ఈ ప్రశ్నలకు జవాబుగా పుట్టినవే గొడుగు సంస్థలు. డెబియన్ కోసం 1997లో మొదలై తర్వాత పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ లాంటివాటినీ చేరదీసిన సాఫ్ట్‌వేర్ ఇన్ ద పబ్లిక్ ఇంటరెస్ట్ (ఎస్‌పీఐ) ఒకటి. 2006లో న్యూయార్క్ కేంద్రంగా మొదలైన సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్సర్వెన్సీ మరొకటి. గిట్, సాంబా, వైన్, ఇంక్‌స్కేప్, క్యూఎమూ, ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ... ఇవన్నీ ఈ రెండోదాని గొడుగు కింద తలదాచుకున్నవే. మన హైటెక్ సిటీలో పొద్దున్నే ల్యాప్‌టాప్ తెరిచిన ప్రతివాడూ మొదట పలికే గిట్ పేరు మీద ట్రేడ్‌మార్క్ ఈ చిన్న ధర్మసంస్థ చేతిలోనే ఉంది.

ఈ పనిలో ఆకర్షణ ఏమీ లేదు. విమానం టిక్కెట్టు రసీదు పారేసుకున్న ప్రోగ్రామరుకు మూడుసార్లు గుర్తుచేయడం, ఏటా ఫారం 990 అనే పన్ను పత్రం దాఖలు చేయడం, లాయరు చేత నాలుగు పేజీల ఉత్తరం రాయించడం. దీనిమీద ఎవరూ సినిమా తీయరు. మానేస్తే మాత్రం ఏమవుతుందో ఎక్స్.ఆర్గ్ ఫౌండేషన్‌ను అడగాలి. తెర మీద కిటికీలు తెరిపించడంలో దశాబ్దాల అనుభవమున్న ప్రాజెక్టు అది. పన్ను కాగితాలు వేళకు దాఖలు చేయక ధర్మసంస్థ హోదా పోగొట్టుకుంది. నానా తంటాలు పడి తిరిగి తెచ్చుకుని, చివరికి ఈ బాధ మనకెందుకని ఎస్‌పీఐ గొడుగు కిందికి వెళ్ళిపోయింది.

ఇంత చాకిరీకీ ఎస్‌పీఐ తీసుకునేది వచ్చిన విరాళంలో 5 శాతం, కన్సర్వెన్సీ తీసుకునేది 10 శాతం. ఆ 10 శాతం మాట వినగానే కొందరు స్వేచ్ఛాజీవులకు గుండెల్లో రాయి పడుతుంది. ధర్మసంస్థకు 10 శాతమా, దోపిడీ కాదూ అని. ఇదే మహానుభావులు ఫోను యాప్ అమ్ముకునేటప్పుడు ఆపిల్ వారికి 30 శాతం దాకా సమర్పించుకుని, ఆమోదముద్ర పడిన రోజున మిత్రులకు పార్టీ ఇస్తారు.

ఇక సర్కారు వారి ధర్మశాస్త్రం చూద్దాం. యోర్బా అని ఒక చిన్న సంస్థ ఉండేది. షాట్‌వెల్ అనే ఫొటోల ప్రోగ్రాము, గీరీ అనే మెయిల్ ప్రోగ్రాము తయారుచేసి ఊరికే పంచిపెట్టేది. మాది లాభాపేక్ష లేని సంస్థ, ఆ హోదా ఇప్పించండి అని 2009 చివర అమెరికా పన్నుల శాఖకు దరఖాస్తు పెట్టుకుంది. శాఖ వారు తొందరపడే రకం కాదు. నాలుగేళ్ళు దాటాక, 2014 మేలో జవాబిచ్చారు. కుదరదు. ఎందుకు కుదరదట? మీ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా, దేనికైనా వాడుకోవచ్చు. ఎవరు వాడుతున్నారో మీకే తెలియదు. పేదసాదలకు మాత్రమే అని మీరేమీ హద్దు పెట్టలేదు. ఇదీ ఆ తీర్పు సారం. అందరికీ పనికొస్తుంది కాబట్టి అది ధర్మం కాదన్నమాట! నలుగురికే ఇచ్చి మిగతావాళ్ళను గెంటేసి ఉంటే పుణ్యాత్ములై ఉండేవారు. కొన్నాళ్ళకు యోర్బా పని చాలించుకుంది. దాని కాపీరైట్లు పోయి కన్సర్వెన్సీ దగ్గర చేరాయి.

ఆ మధ్యకాలంలోనే ఇంకో సంగతి బయటపడింది. రాజకీయ సంఘాలతో పాటు 'ఓపెన్ సోర్స్' అనే మాట ఉన్న దరఖాస్తులను కూడా పన్నుల శాఖ అనుమానితుల జాబితాలో పెట్టి ప్రత్యేకంగా నిగ్గదీస్తోందట. నిజమే మరి, జీతం లేకుండా పనిచేస్తామనేవాణ్ణి ఏ ప్రభుత్వం మాత్రం నమ్ముతుంది?

పన్ను చట్టంలోనే పక్క గదిలో వేరే ఏర్పాటుంది. 501(సి)(3) అంటే ధర్మసంస్థలు. 501(సి)(6) అంటే వర్తక సంఘాలు, వాణిజ్య మండళ్ళు. ఆ రెండో నిబంధనలో వృత్తి ఫుట్‌బాల్ లీగులు అని పేరుపెట్టి మరీ చేర్చారు. వందల కోట్ల డాలర్ల ఫుట్‌బాల్ లీగు 2015 దాకా ఆ గదిలోనే పన్ను మినహాయింపు అనుభవించింది. లైనక్స్ ఫౌండేషన్ కూడా ఆ గదిలోనిదే. అది ధర్మసంస్థ కాదు, కంపెనీల సంఘం. ఇందులో దాపరికమేమీ లేదు, వాళ్ళే చెప్పుకుంటారు. చదవని తప్పు మనది. 2023 వార్షిక నివేదికలో దాని రాబడి 26 కోట్ల డాలర్లు దాటింది. ఏ లైనక్స్ పేరు బోర్డు మీద ఉందో ఆ కెర్నల్ మద్దతుకు పెట్టిన ఖర్చు దాదాపు 3 శాతం. మిగతాది వృథా అనడం లేదు, వందలాది ఇతర ప్రాజెక్టులూ సభలూ శిక్షణలూ ఉన్నాయి. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారే, ఇక్కడ అత్త పేరు గుమ్మం మీద బంగారు అక్షరాలతో రాయించారు, ఆ మేరకు నయం.

ఆ సంఘంలో ఒకప్పుడు వ్యక్తిగత సభ్యులకు బోర్డులోకి ఇద్దరిని ఎన్నుకునే హక్కుండేది. కన్సర్వెన్సీ నడిపే కేరెన్ శాండ్లర్ ఆ ఎన్నికలో నిలబడతానని ప్రకటించారు. 2016 జనవరికల్లా నియమావళి మారి ఆ హక్కే మాయమైంది. రెంటికీ సంబంధం లేదన్నారు. మనం నమ్ముదాం. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగేవాణ్ణి కూడా నమ్మే దేశం మనది.

ఇంతకూ శాండ్లర్ అంటే ఎందుకంత జంకు? ఆమె లాయరు. గుండె జబ్బు వల్ల ఆమె ఒంట్లో ఒక డీఫిబ్రిలేటర్ అమర్చారు. దానిలోని ప్రోగ్రాము చూపించమని అడిగితే తయారీదార్లు చూపించలేదు. తన గుండెను నడిపే కోడు తాను చదవకూడదన్న న్యాయం ఆమెకు మింగుడుపడలేదు. అలాంటి మనిషి చేతికి లైసెన్సు పత్రం ఇస్తే ఊరికే కూర్చుంటుందా?

జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు అడిగేది చాలా చిన్న సంగతి. వాడుకోండి, మార్చుకోండి, అమ్ముకోండి. సరుకు కొన్నవాడు అడిగితే దాని సోర్సు కోడు ఇవ్వండి. అంతే. డబ్బులు అడగదు. ఆ ఒక్క షరతు కూడా బరువనిపించిన కంపెనీలకు లెక్కలేదు. బిజీబాక్స్ అనే ప్రోగ్రామును పెట్టెల్లో కుక్కి అమ్ముకుంటూ కోడు ఇవ్వనందుకు 2009 చివర కన్సర్వెన్సీ వారు 14 సంస్థల మీద దావా వేశారు. వాటిలో శాంసంగ్, బెస్ట్ బై లాంటి పెద్ద తలకాయలున్నాయి. వెస్టింగ్‌హౌస్ పేరిట టీవీలమ్మే సంస్థయితే మధ్యలోనే కేసు వదిలేసింది. 2010లో న్యాయమూర్తి 90,000 డాలర్ల పరిహారం, కోర్టు ఖర్చులు విధించి, ఉల్లంఘనకు పాల్పడిన టీవీలన్నీ వాదులకు అప్పగించమన్నారు. నాలుగు ఫైళ్ళ కోడు ఇస్తే సరిపోయేదానికి గోదాము తాళాలు ఇమ్మనిపించుకోవడం కూడా ఒక వ్యాపార నైపుణ్యమే.

వీఎంవేర్ కథ ఇంకా రుచికరం. లైనక్స్ కెర్నల్ రచయితల్లో ఒకరైన క్రిస్టోఫ్ హెల్‌విగ్ 2015లో జర్మనీలో దానిమీద దావా వేశాడు. నా కోడును మీ సరుకులో కలిపి లైసెన్సు పాటించలేదన్నది అభియోగం. ఖర్చు భరించింది కన్సర్వెన్సీ. ముందు చెప్పిన దాతల జాబితాలో ఏడాది కిందట ఫొటో దిగిన వీఎంవేరే ఇది. ధర్మదాతను కోర్టుకీడుస్తారా అని పరిశ్రమ చాలా నొచ్చుకుంది. కంపెనీల నుంచి వచ్చే డబ్బు తగ్గిపోయిందనీ, లైసెన్సు కోసం నిలబడినందుకే ఈ గతి పట్టిందనీ కన్సర్వెన్సీయే చెప్పుకుంది. అదే ఏడాది చివర జనం ముందుకొచ్చి చెయ్యి చాపింది. ఏడాదికి 120 డాలర్లిచ్చే మద్దతుదారులు 750 మంది దొరికితే పద్దులు రాసే పని వరకు సాగుతుంది, 2,500 మంది దొరికితే లైసెన్సు అమలు పని కూడా సాగుతుంది అని. అంటే పోలీసు స్టేషను నడవాలంటే చందాలివ్వండి. చందాలిచ్చే పెద్దమనుషుల ఇళ్ళ వైపు మాత్రం గస్తీ తిరగకండి! హాంబర్గ్ కోర్టు 2016లో దావా కొట్టేసింది. కోడులో ఏ వరస ఎవరిదో రుజువు కాలేదంది. 2019లో అప్పీలూ పోయింది. ఆ గొడవపడ్డ భాగాన్ని మాత్రం తమ సరుకులోంచి తీసేస్తామని వీఎంవేర్ ప్రకటించింది. కేసు ఓడినవాడు పని గెలవడం చట్టంలో అప్పుడప్పుడూ జరుగుతుంది.

2021 అక్టోబరులో కన్సర్వెన్సీ కాలిఫోర్నియాలో విజియో అనే టీవీల కంపెనీ మీద మరో దావా వేసింది. ఈసారి కోడు రాసినవారుగా కాదు, టీవీ కొన్న ఖాతాదారుగా. ఒక్క డాలరు పరిహారం అడగలేదు, టీవీలో ఉన్న కోడు ఇవ్వండి చాలు అన్నారు. మీరెవరు అడగడానికి, కాపీరైటు ఉన్నవాళ్ళే అడగాలి అని విజియో వాదించింది. డబ్బు అడిగితే బేరమాడి పంపించేవారు. డబ్బు అక్కర్లేదంటే ఏం చెయ్యాలో కార్పొరేట్ లాయర్లకు ఏ కాలేజీలోనూ నేర్పలేదు. ఏళ్ళ తరబడి వాయిదాలు నడిచాయి. ఈలోగా విజియోను వాల్‌మార్ట్ 230 కోట్ల డాలర్లకు కొనేసుకుంది.

ధర్మసంస్థల వారు మాత్రం తక్కువ తిన్నారా? కన్సర్వెన్సీ పుట్టినప్పుడు పురుడు పోసింది ఎబెన్ మోగ్లెన్ నడిపే సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ లా సెంటర్. 2017 సెప్టెంబరులో ఆ మంత్రసానే ట్రేడ్‌మార్క్ కార్యాలయానికి వెళ్ళి, నీ పేరు నా పేరులాగా ఉంది, రద్దు చేయించండి అని అర్జీ పెట్టింది. పేరు పెట్టిన పదకొండేళ్ళకు! లోకంలో లైసెన్సు ఎగవేతదార్లంతా ఆ వార్త చదివి ఆ పూట తృప్తిగా భోంచేసి ఉంటారు. 2024లో ఓపెన్ కలెక్టివ్ ఫౌండేషన్ అనే మరో గొడుగు, తన కింద 600కి పైగా బృందాలుండగా, గొడుగు మడిచేస్తున్నామని ఫిబ్రవరి చివర చెప్పి సెప్టెంబరు ఆఖరుకల్లా వేరే నీడ వెతుక్కోమంది. సాఫ్ట్‌వేర్ బృందాలే కాదు, ఇరుగుపొరుగు సాయసంఘాలూ అందులో ఉన్నాయి. సొంతంగా పద్దులు రాసుకోవడం రాకే కదా వాళ్ళంతా అక్కడ చేరింది.

మన వైపు చూస్తే చిత్రం ఇంకా రంగులమయం. హైదరాబాదులో స్వేచ్ఛ లాంటి సంఘాలు తెలుగులో లైనక్స్ తెచ్చి, కాలేజీల్లో కుర్రాళ్ళకు పాఠాలు చెప్పి ఇరవై ఏళ్ళయింది. అదే ఊళ్ళో అద్దాల మేడల్లో ఉన్న కంపెనీలకు కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చుపెట్టే బాధ్యత ఉంది. ఏయే పనులకు పెట్టొచ్చో ఏడో షెడ్యూలులో ఉంది. ఆకలి, విద్య, పర్యావరణం, క్రీడలు, వారసత్వ కట్టడాలు అన్నీ ఉన్నాయి. తమ సర్వర్లను నిలబెడుతున్న కోడును బాగుచేయడం అనే పద్దు పేరుపెట్టి ఎక్కడా లేదు. కాబట్టి కంపెనీ వారు మొక్కలు నాటుతారు. మొక్కకు ఫొటో వస్తుంది. మెమరీ లీకు పూడిస్తే ఏం ఫొటో వస్తుంది?

విదేశాల నుంచి ఎవరైనా ఇక్కడి చిన్న ప్రాజెక్టుకు సాయం చేయాలనుకుంటే ఇంకో పురాణం మొదలవుతుంది. విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషను కావాలి. దానికి సంస్థ మూడేళ్ళుగా ఉండాలి, ఆ మూడేళ్ళలో 15 లక్షలు ఖర్చుపెట్టి ఉండాలి. డబ్బు లేక డబ్బు కోసం వచ్చినవాణ్ణి ముందు 15 లక్షలు ఖర్చుపెట్టి రమ్మనడంలో గొప్ప వేదాంతముంది. 2020 సవరణ తర్వాత ఆ సొమ్ము ఎక్కడి సంస్థకైనా ముందు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలోనే దిగాలి. పాలనా ఖర్చు 20 శాతం దాటకూడదు. అన్నిటికంటే ముఖ్యం, ఒక సంస్థకు వచ్చిన విదేశీ విరాళాన్ని మరో సంస్థకు ఇవ్వకూడదు. చిన్నవాళ్ళ తరఫున పెద్ద సంస్థ ఒకటి డబ్బు తీసుకుని పంచిపెట్టే దారి అక్కడితో మూసుకుపోయింది. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు.

ఒకరు మాత్రం తిరగబడి ఇక్కణ్ణుంచి బయటికి ఇవ్వడం మొదలెట్టారు. 2024 అక్టోబరులో బెంగళూరు స్టాక్ బ్రోకరేజీ సంస్థ జెరోధా ఏడాదికి 10 లక్షల డాలర్ల దాకా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులకు ఇస్తామని ఫ్లాస్ ఫండ్ అనే నిధి పెట్టింది. వాడుకున్నాం కాబట్టి ఇస్తున్నాం అన్నారు. ఇంత సూటిగా మాట్లాడే కంపెనీని చూసి తోటి కంపెనీలు కంగారుపడ్డట్టు ఎక్కడా దాఖలాలు లేవు, అదృష్టవశాత్తూ.

ఆ కంగారే గనక పుట్టి, హైదరాబాదు కంపెనీ ఒకటి పదేళ్ళుగా తనను మోస్తున్న లైబ్రరీ రాసిన చెక్ కుర్రాడికో బ్రెజిల్ అమ్మాయికో 5,000 డాలర్లు పంపాలనుకుందనుకుందాం. ఫైలు అకౌంట్స్ విభాగానికి వెళుతుంది. విదేశీ చెల్లింపు ఫారం కావాలి, అవతలివారి దేశం నుంచి పన్ను నివాస ధ్రువపత్రం కావాలి, వెండర్ రిజిస్ట్రేషను కావాలి. ఇవన్నీ ఎలాగోలా సంపాదించి పెట్టినా చివరికి ఫైలు ఒక ఎర్ర గీతతో వెనక్కి వస్తుంది. "ఇన్వాయిస్ జత చేయలేదు. పార్టీ ఇంతవరకు మనల్ని డబ్బు అడిగినట్టు ఆధారం లేదు. కనుక చెల్లించడానికి వీలుపడదు."